లక్షల మంది ఫాలోవర్లున్నా వికీపీడియాలో పేజీ ఎందుకు నిలవదు? సీమ యూట్యూబర్లు తెలుసుకోవాల్సిన అసలు లెక్క ఇదీ

కర్నూలు, కడప: ఊరికి పేజీ ఉంది. ఆ ఊళ్ళో పుట్టి, ఫోన్ కెమెరాతో లక్షల మందికి తెలిసిన మనిషికి మాత్రం పేజీ లేదు. ఎవరో అభిమాని ఒక రాత్రి కూర్చుని పేజీ తయారు చేస్తాడు. నాలుగు రోజులకే దాని నెత్తిన 'తొలగింపు' నోటీసు పడుతుంది. వారం పది రోజుల్లో పేజీ మాయం. "ఏమప్పా, మనోడి పేజీ యాడ పోయింది? సీమోడంటే అంత చులకనా?" అనే మాట మొదలవుతుంది.

వికీపీడియాలో ఎవరికి చోటు, ఎవరికి కాదు? ఇది చిన్న తగాదాలా కనిపిస్తుంది కానీ, దీని వెనక పెద్ద విషయమే ఉంది. గూగుల్‌లో ఒక పేరు కొడితే ముందు వరసలో వచ్చేది వికీపీడియానే. ఏఐ చాట్‌బాట్లు నేర్చుకున్న పాఠాల్లోనూ దానిది పెద్ద వాటా. అక్కడ నమోదైంది రేపటి తరానికి 'సమాచారం'. నమోదు కానిది మెల్లగా మరుపు. అందుకే ఈ గొడవను కాస్త నిదానంగా చూడాలి.

ఊరికి ఉంది.. ఊరివాడికి లేదు!

వికీపీడియా 2001 జనవరి 15న ఇంగ్లీషులో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో పుట్టింది. ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటిలో పెద్ద భాగం గ్రామాల పేజీలే. కర్నూలు, కడప జిల్లాల పల్లెల పేర్లు వెతికి చూడండి. జనాభా, అక్షరాస్యత, భూమి వినియోగం, దగ్గరి పట్టణం ఎంత దూరం.. 2011 జనాభా లెక్కల వివరాలతో పేజీలు కనిపిస్తాయి.

ఊళ్ళకు అంత తేలిగ్గా పేజీలు ఎలా వచ్చాయి? ప్రభుత్వం లెక్క తీసింది కాబట్టి. సెన్సస్ అనే గట్టి ఆధారం ఉంది. ఊరి పెద్దరెడ్డి చెప్పాడనో, సర్పంచి అడిగాడనో రాసినవి కావవి. ఎవరైనా తీసి సరిచూసుకోగల పుస్తకం ఒకటి ఉంది.

మనుషుల విషయంలో అలా కుదరదు. ఏ సెన్సస్ పుస్తకమూ 'ఈ కుర్రాడు బాగా నవ్విస్తాడు' అని రాయదు. అందుకే చాలా ఊళ్ళ పేజీల్లో 'గ్రామ ప్రముఖులు' అనే విభాగం దగ్గర అసలు తంటా వస్తుంది. స్వాతంత్ర్య సమరయోధుడి పేరు కింద, ఆధారం లేకుండా ఎవరో తమ స్నేహితుడి పేరు చేరుస్తారు. ఇంకొకరు వచ్చి తీసేస్తారు. మళ్ళీ చేరుస్తారు. ఇలా నడుస్తూనే ఉంటుంది.

'ప్రాముఖ్యత' అంటే గొప్పతనం కాదు

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. తెలుగు వికీపీడియాలో ఈ నియమాన్ని 'విషయ ప్రాముఖ్యత' అంటారు. ఆ మాట వినగానే 'అంటే మావాడు గొప్పోడు కాదంటారా?' అని కోపం వస్తుంది. నిజానికి అడిగే ప్రశ్న అది కాదు.

అడిగేది ఒక్కటే: ఈ మనిషి గురించి, ఆయనతో సంబంధం లేని వాళ్ళు, నమ్మదగిన చోట, వివరంగా రాశారా? ఒకచోట కాదు, ఒకటికి మించి చోట్ల రాశారా? రాసి ఉంటే వ్యాసం నిలుస్తుంది. లేకపోతే నిలవదు. మనిషి మంచివాడా, ప్రతిభ ఉందా, ఊరికి సాయం చేశాడా అనేది ఆ పరీక్షలో లేదు.

మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి, స్వతంత్రం: సొంత ఛానెల్‌లో చెప్పుకున్నది, తన మేనేజర్ రాయించినది చెల్లదు. రెండు, నమ్మకం: ఎడిటర్ ఉన్న పత్రికో, పుస్తకమో, పరిశోధనో కావాలి. మూడు, లోతు: 'ఈ కార్యక్రమంలో ఫలానా యూట్యూబర్ కూడా పాల్గొన్నారు' అనే ఒక్క లైన్ సరిపోదు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఆదోని దగ్గర పల్లెలో ఒక కుర్రాడు ఉగ్గాని బజ్జి మీద, పత్తి కూలీల మాటల మీద కామెడీ రీల్స్ చేస్తాడనుకుందాం. మూడు లక్షల ఫాలోవర్లు. పేజీలో ఇచ్చిన ఆధారాలు: సొంత యూట్యూబ్ లింకు, ఇన్‌స్టా లింకు, రిబ్బన్ కటింగ్ వార్త ఒకటి, డబ్బులు కట్టి వేయించుకున్న వెబ్‌సైట్ ఆర్టికల్ ఒకటి. నాలుగు లింకులున్నాయి కానీ, పైన చెప్పిన మూడు మాటలకూ నిలబడేది ఒక్కటీ లేదు. ఈ పేజీ తీసేస్తే సీమ మీద కక్ష అనలేం.

మరి మస్తానమ్మకు, గంగవ్వకు ఎలా వచ్చింది?

'ఇంటర్నెట్ వాళ్ళంటేనే వికీపీడియాకు పడదు' అనే మాట కూడా నిజం కాదు. తెలుగునేల నుంచే సాక్ష్యాలున్నాయి.

గుంటూరు జిల్లాకు చెందిన కర్రె మస్తానమ్మ 'కంట్రీ ఫుడ్స్' ఛానెల్‌లో పొలం గట్టున, కట్టెల పొయ్యి మీద వంట చేసింది. పుచ్చకాయలో చికెన్ వండిన వీడియో ప్రపంచమంతా చూసింది. వందేళ్ళు దాటిన అవ్వ గురించి దేశ, విదేశీ మీడియా కథనాలు రాసింది. 2018 డిసెంబర్‌లో ఆమె చనిపోయినప్పుడు ఆ వార్త కూడా అలాగే వెళ్ళింది. అప్పటికి ఛానెల్‌కు 10 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లున్నారు. కానీ ఇంగ్లీషు వికీపీడియాలో ఆమె పేజీని నిలబెట్టింది ఆ పది లక్షలు కాదు. ఛానెల్‌తో సంబంధం లేని పత్రికలు రాసిన కథనాలు.

ఇందులో ఇంకో పాఠం ఉంది. మస్తానమ్మ వయసు 107 ఏళ్ళని వార్తలు వచ్చాయి. ఆ తరం పల్లె ఆడవాళ్ళకు పుట్టిన తేదీ కాగితాలుండటం అరుదు. అలాంటప్పుడు విజ్ఞాన సర్వస్వం చేయాల్సిన పని, 'పత్రికలు ఇలా రాశాయి' అని చెప్పడం. తనంతట తాను తేల్చడం కాదు. ఆధారం అడగడమంటే అనుమానించడం కాదు, చెప్పేవాడెవడో చూపించడం.

తెలంగాణకు చెందిన నారాయణ రెడ్డి 'గ్రాండ్‌పా కిచెన్'ది దాదాపు అదే కథ. 2017లో మొదలైన ఛానెల్‌లో పెద్ద పెద్ద పాత్రల్లో వండి అనాథ పిల్లలకు పెట్టేవారు. 2019 అక్టోబర్‌లో, 73 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూసినప్పుడు విదేశీ మీడియా సంతాప కథనాలు ఇచ్చింది.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వది మరో మెట్టు. కూలి పని చేసుకునే అవ్వ, శ్రీకాంత్ శ్రీరామ్ నడిపిన 'మై విలేజ్ షో'తో ఇంటింటికీ తెలిసింది. 2019లో మల్లేశం, ఇస్మార్ట్ శంకర్ సినిమాల్లో కనిపించింది. 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌కు వెళ్ళింది, ఆరోగ్యం బాగాలేక మధ్యలోనే బయటికి వచ్చింది. 2024లో ఎనిమిదో సీజన్‌లో మళ్ళీ కనిపించింది. యూట్యూబ్, సినిమా, టీవీ.. మూడు చోట్లా పని, మూడింటి మీదా బయటివాళ్ళు రాసిన వార్తలు. ఇలాంటి పేజీని తీసేయమనడం కష్టం.

రాయచోటి కుర్రాడి దారి

మన సీమ ఉదాహరణ కావాలంటే కిరణ్ అబ్బవరం ఉన్నాడు. అప్పటి కడప జిల్లా రాయచోటి ప్రాంతపు మనిషి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ షార్ట్ ఫిల్మ్స్‌లో నటించాడు. 2019 నవంబర్‌లో 'రాజావారు రాణిగారు'తో హీరో అయ్యాడు. 2021లో 'ఎస్ఆర్ కళ్యాణమండపం', 2024లో 'క' వచ్చాయి.

షార్ట్ ఫిల్మ్‌ల రోజుల్లోనే ఒక అభిమాని ఆయనకు పేజీ పెట్టాడని ఊహించండి. ఆధారాలుగా ఏం చూపించేవాడు? యూట్యూబ్ లింకులే. సినిమా వచ్చాక పరిస్థితి మారింది. రివ్యూలు వచ్చాయి, ఇంటర్వ్యూలు వచ్చాయి, బాక్సాఫీస్ వార్తలు వచ్చాయి. మనిషి అదే, ప్రతిభ అదే. మారింది బయట పేరుకున్న రాత.

అంటే వికీపీడియా ముందు నడిచే బండి కాదు. వెనక వచ్చేది. ఎవరినీ ఫేమస్ చేయదు, ఫేమస్ అయ్యాక లోకం రాసిన దాన్ని కూడగడుతుంది. చాలామంది దీన్ని తిరగేసి పట్టుకుంటున్నారు. పేజీ వస్తే పేరొస్తుందనుకుంటున్నారు.

సబ్‌స్క్రైబర్ల లెక్క ఎందుకు చెల్లదు?

"లక్ష మంది చూస్తే యూట్యూబే సిల్వర్ బటన్ ఇస్తోంది. పది లక్షలకు గోల్డ్ ఇస్తోంది. వికీపీడియాకు ఏం నొప్పి?" న్యాయంగా అనిపించే ప్రశ్నే. కానీ దీనికి రెండు గట్టి జవాబులున్నాయి.

మొదటిది, అంకెలు కొనుక్కోవచ్చు. అమెరికాలో డెవుమి అనే కంపెనీ దొంగ ఫాలోవర్లను అమ్ముతోందని న్యూయార్క్ టైమ్స్ 2018 జనవరిలో బయటపెట్టింది. సినిమావాళ్ళు, క్రీడాకారులు, వ్యాపారులు కొన్నట్టు తేలింది. మరుసటి ఏడాది అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది. అంకె చూసి పేజీ ఇస్తే, పేజీలు డబ్బున్నోడికే వస్తాయి.

రెండోది మనకు బాగా తగిలిన దెబ్బ. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. పల్లెల్లో టిక్‌టాకే పెద్ద స్టేజీ. పొలం పనుల మధ్య డాన్సులు చేసినవాళ్ళు, సీమ యాసలో డైలాగులు కొట్టినవాళ్ళు, వాళ్ళ లక్షల ఫాలోవర్లు ఒక్క రాత్రిలో గల్లంతయ్యారు. ఆ అంకెల మీదే పేజీలు కట్టి ఉంటే, వాటిని సరిచూసుకోవడానికి ఇవాళ ఏం మిగిలేది? పత్రికలో అచ్చయిన కథనం మాత్రం గ్రంథాలయంలో ఉంటుంది. యాప్ పోయినా అది పోదు.

అయితే అంకెకు అసలు విలువే లేదా? ఉంది. అది ఒక సూచన. ఇంతమంది చూస్తున్నారంటే ఎవరైనా రాసి ఉంటారేమో వెతకండి అని చెప్పే సూచన. వెతకకుండానే తొలగింపుకు ఓటేసే వికీపీడియన్లూ ఉన్నారు. అదీ తప్పే. నిజానికి తొలగింపు చర్చ ఓట్ల లెక్క కాదు, వాదనల బలం చూడాలి. ఇంగ్లీషు వికీపీడియాలో ఇలాంటి చర్చకు కనీసం ఏడు రోజులు గడువిస్తారు. ఆ ఏడు రోజుల్లో తిట్లు కాకుండా ఒక మంచి పేపర్ క్లిప్పింగ్ తెచ్చి పెట్టిన ఒక్క మనిషి, యాభై మంది అభిమానుల కంటే ఎక్కువ పని చేస్తాడు.

అసలు అన్యాయం ఎక్కడుందంటే..

నియమం అందరికీ ఒకటే. కానీ నియమం ముందు అందరూ ఒకే చోట నిలబడి లేరు. సీమ వాళ్ళ ఫిర్యాదులో పస ఉన్నది ఇక్కడే.

హైదరాబాద్‌లో, ముంబైలో ఉన్న యూట్యూబర్ గురించి ఇంగ్లీషు వెబ్‌సైట్లు రాస్తాయి. ఒక్క క్లిక్‌తో దొరుకుతుంది. కర్నూలు, కడప మనిషి గురించి రాస్తే జిల్లా ఎడిషన్‌లో వస్తుంది. తెలుగు పత్రికలు 1980ల చివరి నుంచి జిల్లా అనుబంధాలతో పల్లె వార్తకు తలుపులు తెరిచాయి. దేశం మొత్తం దాన్ని చూసి నేర్చుకుంది. కానీ ఆ పేజీల్లో చాలావరకు ఇప్పుడు వెతికితే దొరికే రూపంలో లేవు. ఈ-పేపర్ ఉన్నా అది బొమ్మ. అందులోని అక్షరాలను సెర్చ్ ఇంజిన్ సరిగా పట్టదు. పాత సంచికలు తేలిగ్గా అందవు.

అంటే ఆధారం ఉంది, చూపించలేం. ఊళ్ళో ఎవరో కత్తిరించి అల్బమ్‌లో అతికించుకుంటేనే దిక్కు. అచ్చు ఆధారం చెల్లదని వికీపీడియా అనదు. పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ నంబర్ రాస్తే సరిపోతుంది, లింకు తప్పనిసరి కాదు. ఈ చిన్న విషయం తెలియకే ఎన్నో పేజీలు పోతున్నాయి.

ఇది యూట్యూబర్లకు మాత్రమే పరిమితమైన సమస్య కాదు. సీమలో చెక్కభజన గురువులు, తోలుబొమ్మలాట కళాకారులు, శాసనాలు వెతికే బడిపంతుళ్ళు ఎందరో ఉన్నారు. అనంతపురం వైపు నిమ్మలకుంట దళవాయి చలపతిరావు దశాబ్దాల పాటు తోలుబొమ్మలకు ప్రాణం పోశారు. 2020లో పద్మశ్రీ వచ్చాక దేశమంతా ఆయన గురించి రాసింది. అవార్డు రాని మరో కళాకారుడు అంతే పని చేసి ఉండొచ్చు. ఆయన గురించి నాలుగు పేరాలు ఎక్కడా అచ్చు కాకపోతే విజ్ఞాన సర్వస్వం ఆయన్ని చూడలేదు.

మరోపక్క సీమ బొమ్మను బయటివాళ్ళే గీస్తూ వచ్చారు. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర.. ఫ్యాక్షన్ సినిమాలు తీసినన్ని రోజులు సీమంటే సుమోలు, బాంబులు, కొండారెడ్డి బురుజు దగ్గర ఛేజింగ్. ఆ సినిమాలన్నిటికీ వికీపీడియాలో నిండు పేజీలున్నాయి. రివ్యూలున్నాయి కదా మరి! రాగి సంగటి, చెనిక్కాయల పంట, కరువు, వలస, అత్తాకోడళ్ళ ఎకసెక్కాలు.. వీటిని సొంత యాసలో, సొంత గొంతుతో చెప్పింది ఫోన్ పట్టుకున్న ఈ తరం పిల్లలు. వాళ్ళ పని నమోదు కాకపోతే, రేపు ఎవరైనా సీమ గురించి వెతికితే మళ్ళీ సుమోలే తగులుతాయి. అసలు నష్టం ఇదీ.

డబ్బిస్తే పేజీ? జాగ్రత్త!

ఈ ఆశ ఉన్నచోట దళారీ పుట్టకుండా ఉంటాడా? 'మీ పేరు మీద వికీపీడియా పేజీ పెట్టిస్తాం, గ్యారంటీ' అనే మెసేజ్‌లు ఫాలోవర్లు పెరగ్గానే వస్తాయి. ఒక్క మాట: వికీపీడియాలో పేజీకి ఫీజు లేదు. గ్యారంటీ ఇవ్వగలిగే అధికారం ఎవరికీ లేదు. డబ్బు తీసుకుని రాసేవాళ్ళు ఆ సంగతి బయటపెట్టాలని వికీమీడియా ఫౌండేషన్ 2014లోనే నిబంధన పెట్టింది.

ఈ దందా ఎంత లోతుగా ఉంటుందో 2015లో తేలింది. ఇంగ్లీషు వికీపీడియాలో 381 ఖాతాలను ఒకేసారి నిషేధించారు. దీన్నే 'ఆరెంజ్‌మూడీ' వ్యవహారం అంటారు. వాళ్ళ పద్ధతి చూడండి. తిరస్కరించిన ముసాయిదాల జాబితా చూసేవారు. ఆ మనిషికో, వ్యాపారానికో ఫోన్ కొట్టి 'మేం పెట్టిస్తాం' అని డబ్బు తీసుకునేవారు. పేజీ పెట్టాక 'కాపాడాలంటే నెలనెలా ఇవ్వాలి' అని బెదిరించేవారు. ఒకసారి వలలో పడితే బయటికి రావడం లేదు.

ఇంకో అడ్డదారి, డబ్బిచ్చి వార్త వేయించుకోవడం. దీని వాసన మనకు కొత్త కాదు. 2009 ఎన్నికల్లో పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ కోసం 2010లో నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాస్ రెడ్డి. మరొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. ఆ జబ్బు ఇప్పుడు 'బ్రాండ్ స్టోరీ', 'స్పాన్సర్డ్' పేరుతో వెబ్‌సైట్లలో తిరుగుతోంది. అందుకే ఇంగ్లీషు వికీపీడియాలో భారతీయ మీడియా కథనాలను ఆధారంగా చూపినప్పుడు పెయిడ్ వార్తలేమో చూసుకోవాలనే హెచ్చరిక ప్రత్యేకంగా ఉంది. మీడియా చేసిన తప్పుకు నిజాయతీగా పేరు తెచ్చుకున్న పల్లె కుర్రాడు కూడా మూల్యం చెల్లిస్తున్నాడు. మా మీడియా ఈ మాటను తప్పించుకోలేదు.

బ్లూ టిక్ కథ ఏమైందో గుర్తుందిగా? ఒకప్పుడు అది రావాలంటే వార్తల్లో ఉండాలి. 2022 చివర్లో ట్విట్టర్ దాన్ని అమ్మకానికి పెట్టింది. 2023 జూన్‌లో మెటా కూడా మన దేశంలో నెలకు 699 రూపాయలకు మొబైల్‌లో ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు టిక్ చూసి ఎవరైనా పెద్దమనిషి అనుకుంటున్నారా? కొనగలిగిన రోజే గౌరవం పోయింది. వికీపీడియా పేజీకి ఇంకా విలువ ఉందంటే అది కొనలేనిది కాబట్టే.

పేజీ వస్తే మంచిదేనా? ఒక్కసారి ఆలోచించండి

పేజీ కావాలని తపించేవాళ్ళు మర్చిపోయే సంగతి ఒకటుంది. పేజీ మీ గురించే ఉంటుంది కానీ, మీది కాదు. మీరు చెప్పినట్టు రాయరు. మీ మీద కేసు పడితే, వివాదం వస్తే, నమ్మదగిన పత్రికలు దాన్ని రాస్తే అదీ పేజీలోకి వస్తుంది. తీసేయమని మీరు హుకుం వేయలేరు. సొంత పేజీ సొంతంగా రాసుకోవడాన్ని నియమాలు నిరుత్సాహపరుస్తాయి కూడా.

మరీ ముఖ్యంగా, ఒక్క వీడియోతో వైరల్ అయినవాళ్ళు. వాళ్ళలో చాలామంది కోరుకుని ఫేమస్ అయినవాళ్ళు కాదు. ఎవరో తీశారు, ఎవరో పెట్టారు, లోకం నవ్వింది. కెనడాలో 'స్టార్ వార్స్ కిడ్' అని పిలిచిన బడిపిల్లాడి వీడియో 2003లో తోటి పిల్లల చేతుల మీదుగా నెట్‌లోకి ఎక్కింది. ఆ వేధింపులకు చదువు, మనశ్శాంతి చెదిరి కుటుంబం కోర్టుకెక్కింది. ఆ వీడియో గురించి వికీపీడియాలో వ్యాసమైతే ఉంది కానీ, అందులో అబ్బాయి అసలు పేరు రాయాలా వద్దా అని ఏళ్ళ తరబడి చర్చ నడిచింది.

మన దగ్గర కూడా తాగిన మత్తులో, ఏడుపులో, తగాదాలో దొరికిపోయి మీమ్‌గా మారిన మనుషులు లేరా? వాళ్ళ పేరుతో శాశ్వతంగా పేజీ పెట్టడం న్యాయమా? ఒకే సంఘటనతో వార్తల్లోకి వచ్చిన మనిషికి విడిగా పేజీ వద్దు, అవసరమైతే ఆ సంఘటన గురించే రాయండి అనే సూత్రం వికీపీడియాలో ఉంది అందుకే. 'తొలగింపు' ప్రతిసారీ అవమానం కాదు. కొన్నిసార్లు అది మనిషిని కాపాడటం.

వికీపీడియా తప్పు చేయదా? నోబెల్ కథ వినండి

చేస్తుంది. పెద్ద తప్పే చేసింది. కెనడా భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ గురించి పంపిన ముసాయిదాను 2018 మేలో ఇంగ్లీషు వికీపీడియాలో తిరస్కరించారు. ప్రాముఖ్యతకు తగిన ఆధారాలు లేవన్నారు. అదే ఏడాది అక్టోబర్ 2న ఆమెకు నోబెల్ వచ్చింది. భౌతిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న మూడో మహిళ ఆమె. గంటల్లో పేజీ సిద్ధమైంది.

తప్పు ఎవరిది? తిరస్కరించిన ఒక్క మనిషిది మాత్రమే కాదు. అప్పటిదాకా ఆమె గురించి రాయని మీడియాది కూడా. వికీపీడియా అద్దం లాంటిది. లోకం ఎవరిని పట్టించుకోలేదో వాళ్ళు అందులో కనిపించరు. అద్దం మీద కోప్పడితే ముఖం మారదు. నోబెల్ శాస్త్రవేత్తకే ఈ గతి పట్టిందంటే, వెలుగు పడని సీమ పల్లె మనిషి సంగతి చెప్పాలా?

అలాగని తలుపులు బార్లా తెరవలేం. తెలుగు వికీపీడియాను నడిపేది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. క్రమం తప్పకుండా రాసేవాళ్ళు కొద్దిమందే. ప్రతి ఛానెల్‌కూ ఒక పేజీ పెడితే వాటిని సరిచూసేదెవరు? బతికున్న మనిషి గురించి తప్పు రాస్తే పరువు పోయేది ఆ మనిషిదే. చూసుకోలేనన్ని పేజీలు పెట్టడం కంటే, చూసుకోగలిగినన్ని పెట్టడమే నయం.

మరి దారేంటి?

మొదటి దారి చేతిలోనే ఉంది. విడి పేజీకి సరిపడా ఆధారాలు లేకపోతే ఊరి పేజీలో ఒక వాక్యం, ఒక ఆధారంతో రాయొచ్చు. ఎమ్మిగనూరు నేత గురించి మంచి వీడియోలు చేసినవాడి ప్రస్తావన ఆ చేనేత వ్యాసంలోనే చక్కగా ఒదుగుతుంది. ఆధారాలు పెరిగిన రోజు దాన్నే విడదీసి పేజీ చేయొచ్చు. వికీపీడియాలో ఏ తొలగింపూ ఆఖరి తీర్పు కాదు. కొత్త ఆధారంతో మళ్ళీ రావొచ్చు.

రెండోది మీడియా పని. సీమ కంటెంట్ క్రియేటర్ అనగానే 'నెలకు ఎంత సంపాదిస్తున్నాడో తెలిస్తే షాక్' అనే హెడ్డింగ్ పెట్టి వదిలేస్తున్నాం. ఎక్కడ పుట్టాడు, ఏం చదివాడు, ఏ యాస, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఊరు ఏమంటోంది, విమర్శ ఏంటి.. ఇవి అడిగి రాసిన ఒక్క కథనం పది షాక్‌ల కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

మూడోది విశ్వవిద్యాలయాలది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది. కడపలోనే సి.పి.బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి, తిరిగి తిరిగి నిలబెట్టిన సంస్థ అది. బ్రౌన్ తాళపత్రాలు సేకరించకపోతే వేమన పద్యాలు ఇవాళ ఇన్ని మనకు దక్కేవా? ఇంటర్నెట్‌లో సీమ యాస మీద, పల్లె హాస్యం మీద పీహెచ్‌డీలు చేయిస్తే ఎంత బాగుంటుంది! కడప ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసిన కేతు విశ్వనాథరెడ్డి చూపించిన దారి అదే. అప్పుడది వికీపీడియాకు తిరుగులేని ఆధారం. జిల్లా ఎడిషన్ల పాత సంచికలు భద్రపరిచి, వెతికేలా చేయడం కూడా ఇలాంటి సంస్థల వల్లే అవుతుంది.

నాలుగోది అభిమానులది. పేజీ పోయిందని వికీపీడియన్లను తిట్టే బదులు క్లిప్పింగులు దాచండి. తేదీ, ఎడిషన్ రాసి పెట్టండి. అభిమాన యూట్యూబర్ ఒక్కడి కోసమే కాదు, మీ ఊరి చెరువు, మీ ఊరి జాతర, మీ ఊరి భజన గురువు కోసం కూడా రాయండి.

1928లో నంద్యాల సభలో పెద్దలు కూర్చుని 'దత్త మండలాలు' అనే పరాయి పేరు తీసి 'రాయలసీమ' అనే పేరు పెట్టుకున్నారు. మన గురించి ఎవరో పెట్టిన మాట కాదు, మన మాట ఉండాలన్నది అప్పటి పట్టుదల. ఇప్పుడు ఆ మాట రాసుకునే చోటు మారింది. ఫోన్‌లో నవ్వించే కుర్రాడికి పేజీ వస్తుందా రాదా అన్నది చిన్న ప్రశ్న. ఆ కుర్రాడి గురించి, వాడి ఊరి గురించి మనలో ఎవరైనా నమ్మకంగా నాలుగు పేరాలు రాసి పెట్టామా? పెద్ద ప్రశ్న అదీ. దానికి జవాబు వికీపీడియా దగ్గర లేదు, మన దగ్గరే ఉంది.